అనుమతి లేకుండా పసుపైన పొడి

పై అధికారుల అనుమతి లేకుండా ఏ వస్తువైనా మారిపోవడం క్రమశిక్షణ లేకపోవడమే. ప్రకృతి ఈ సంగతిని ఇంతకాలం పట్టించుకోలేదు. ఆ లోటు తీర్చడానికే ఒక లోహాల ఫ్యాక్టరీలో పోలికల విభాగాన్ని పెట్టారు.

నిబంధన ఒక్కటే: లోపలికి వెళ్ళినదే బయటికి రావలెను. వెళ్ళేముందు ఒక ఫొటో, వచ్చాక ఒక ఫొటో. రెండూ కలిస్తే యాప్‌లో పచ్చ టిక్కు పడుతుంది. (కలవకపోతే ఎర్ర గీత, పక్కనే ఏడుపు మొహం బొమ్మ. ఎంత ఏడవాలో తేల్చడానికి ఉపసంఘం వేశారు.)

చిక్కు వచ్చిపడింది ఫర్నేసక్కకు. ఆమె అసలు పేరు అందరూ ఎప్పుడో మర్చిపోయారు. పడుచు వయసులో తాత్కాలికంగా చేరి, ఇప్పటికీ తాత్కాలికంగానే ఉన్న మనిషి. అమ్మోనియం టంగ్‌స్టేట్ అనే తెల్లపొడిని ఫర్నేసులో కాల్చడం ఆమె పని. వేడికి అందులోని నీరూ అమ్మోనియా ఎగిరిపోయి, పసుపుపచ్చటి టంగ్‌స్టన్ ఆక్సైడ్ మిగులుతుంది. దాన్నుంచి పక్క షెడ్డువాళ్ళు లోహం తీస్తారు. ఉద్యోగం పర్మనెంటు కావాలంటే ఆమె పేరు మీద ఒక్క పచ్చ టిక్కైనా ఉండాలన్నారు. ఇంట్లో అత్తగారు రోజూ ఈమె చెప్పులు విప్పకముందే అడుగుతోంది, "అయిందా అమ్మాయ్?" అని.

పోలికల అధికారి పళ్ళెంలోని పొడిని, చేతిలోని ఫోనును మార్చిమార్చి చూశాడు.

"తెల్లపొడి ఏదమ్మా?"

"ఇదేనండీ. కాలితే పసుపవుతుంది."

"బరువు కూడా తగ్గిందే?"

"నీళ్ళూ అమ్మోనియా పోయాయి కదండీ."

"పోతే పోయాయి. గేటు పాసు తీసుకున్నాయా?"

ఫర్నేసక్క అతని ముక్కు వైపు చూపించింది.

"మీరు ముక్కు మూసుకున్నారు చూడండి, ఆ ఘాటు దానిదేనండీ."

"ఘాటుకు ఫొటో రాదమ్మా."

అనుమతిలేని నిష్క్రమణలను అరికట్టడానికి ఫర్నేసు గాలిదారులన్నీ బిగించమని ఉత్తర్వు వచ్చింది. బిగించారు. బయటపడే దారిలేని అమ్మోనియా ఊరుకోక, పొడిలోని ఆక్సిజన్‌ను కొంత లాగేసుకుంది. ఈసారి పొడి నీలంగా వచ్చింది. ఒకసారి పసుపు, ఒకసారి నీలం అంటే పొడికి బయటివాళ్ళ అండ ఉండి ఉంటుందని అధికారి పైకి రాశాడు.

ఆ తర్వాత ఫర్నేసులో కాయిల్ కాలిపోయింది. వేడెక్కడం లేదని ఫర్నేసక్క మొత్తుకున్నా, షెడ్యూలు ప్రకారం పొడి లోపలికి వెళ్ళాల్సిందేనన్నారు. తెల్లగా వెళ్ళింది. తెల్లగా, చల్లగా తిరిగి వచ్చింది. పచ్చ టిక్కు పడింది. అధికారి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"చూశావా, మనసు పెడితే ఎంత బాగా వచ్చిందో."

"అది కాలలేదండీ."

"ఇకమీదట కూడా అలాగే కానియ్యి."

(ఆ పొడిని చూసి పక్క షెడ్డువాళ్ళు ఏమన్నారో రాయడానికి యాప్‌లో గడి లేదు.) ఫర్నేసక్కకు సిగ్గేసింది. ఇన్నేళ్ళుగా పని సరిగ్గా చేసినందుకు దక్కనిది, అసలు పనే జరగనందుకు దక్కింది. కానీ గుమ్మంలో అత్తగారి మొహం గుర్తొచ్చి, పర్మనెంటు ఉత్తర్వును రెండు చేతులా అందుకుంది.

ఇంతకాలం ఆమె తాత్కాలికుల పక్కగుమ్మంలోంచి వెళ్ళేది. మర్నాడు ఉతికిన చీర కట్టుకుని, మొదటిసారి పెద్ద గేటు దగ్గర మొహాలు పోల్చే యంత్రం ముందు నిలబడింది. యంత్రంలో ఉన్నది చేరిననాటి ఫొటో: నల్లటి జడ, నున్నటి బుగ్గలు. ఎదురుగా ఉన్నది నెరిసిన జుట్టు, సెగకు కమిలిన మొహం. ఎర్ర గీత పడింది.

అధికారిని పిలిపించారు.

"నేనేనండీ," అంది ఫర్నేసక్క. "ఇన్నేళ్ళూ లోపలే ఉన్నాను."

అధికారి ఫొటోను చూశాడు, ఆమెను చూశాడు. పాపం, అతనికి నిజంగానే జాలేసింది.

"ఉన్నావులే. మారేముందు ఒక్కమాట అడగాల్సింది కదమ్మా."