రాములు చొక్కా

ఆ ఉదయం రుక్కమ్మ అనుకున్నది చిన్న పనే. ఆరింటికి నార్సింగిలోని పెద్ద అపార్ట్‌మెంటుకు వెళ్లి, కుకీ అనే లాబ్రడార్ కుక్కను అరగంట నడిపించి, ఇంట్లో అప్పజెప్పి, ఎనిమిదింటికల్లా గచ్చిబౌలిలో ఆఫీసు ఊడ్చే పనికి చేరుకోవాలి.

చిక్కల్లా కుకీ నడవకపోవడమే. మూడేళ్లుగా దాన్ని నడిపించింది రుక్కమ్మ భర్త రాములు. పోయిన నెల గుండె ఆగి అతను పోయాడు. కుక్క యజమానురాలు అశ్విని జాలిపడి ఆ పని రుక్కమ్మకే ఇచ్చింది. వారం రోజులుగా కుకీ లిఫ్ట్ దాకా రావడం, అటూ ఇటూ ఎవరికోసమో వెతకడం, బియ్యం బస్తాలా కూలబడటం.

"ఇవాళ కూడా కదలకపోతే వేరేవాళ్లని చూసుకోవాలి ఆంటీ. ఏమీ అనుకోకండి," అంది అశ్విని.

"ఇయ్యాల నడుస్తది మేడం. ఫికర్ చెయ్యకుండ్రి." ఈ పని పోతే గది కిరాయికి దారి లేదు.

ఆమె సంచిలో రాములు నీలం చొక్కా ఉంది. అతను ఆఖరిసారి విప్పి మేకుకు తగిలించినదే అది. ఉతకడానికి ఆమెకు చేతులు రాలేదు. రోజూ ఒకసారి ముఖానికి ఆనించుకునేది. బీడీ, చెమట, కొబ్బరి నూనె వాసన. లిఫ్ట్ దగ్గర దాన్ని చీర మీద తొడుక్కుని, చలికి తలకు తువాలు చుట్టుకుంది.

కుకీ ఒక్కసారి వాసన చూసింది. ఏడ్చినట్టు మూలిగింది. లిఫ్ట్ కిందికి దిగగానే ఆమెను ఈడ్చుకుంటూ పరుగు తీసింది.

గేటు దగ్గర కొత్తగా చేరిన గార్డు అనిల్‌కు కనిపించింది తువాలు, మగవాడి చొక్కా, ఉరుకుతున్న కుక్క. "దొంగ! కుక్కనెత్తుకపోతుండు!" అంటూ విజిల్ వేసి వెంటపడ్డాడు. బాల్కనీలోంచి ఎవరో చూసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. మూడు నిమిషాల్లో దొంగలు ఇద్దరయ్యారు, కుక్కలు మూడయ్యాయి. ఒక బైక్ టాక్సీ అతను వెనక కూర్చున్న ప్యాసింజర్‌తో సహా అనిల్ వెనకే బయలుదేరాడు.

"ఆగే! నీ కాళ్లు మొక్కుత, ఆగే!" అని రుక్కమ్మ అరుస్తూనే ఉంది.

కుకీ సర్వీసు రోడ్డు మీద టీ బండి ముందు ఆగింది. టీ కాచే ఐలయ్య తలెత్తి, ఆ చొక్కా చూసి గరిటె జారవిడిచాడు.

"రాములన్నా! నీ దినాలకు నేనొచ్చిన గదనే!"

"నేను ఐలయ్యా, రుక్కమ్మను."

ఐలయ్య గుండె చిక్కబట్టుకుని, సీసాలోంచి రెండు బిస్కెట్లు తీశాడు. "ఒకటి దీనికి, ఒకటి అన్నకు. మూడేండ్ల సంది రోజు గిట్లనే."

"బిస్కెట్లా? షుగరున్నది, ముట్టనని నా నెత్తి మీద ఒట్టేసిండు!"

రుక్కమ్మకు ఒళ్లు మండింది. తిట్టడానికి మనిషి లేడని గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అంతలో అనిల్ వచ్చి వెనక నుంచి కాలర్ పట్టి లాగాడు. కేబుల్ కోసం తవ్విన గుంటలో, బురదలో ఆమె పడింది. కాలర్ వదలనందుకు అనిల్ పడ్డాడు. కుక్క బెల్టు ఆమె చేతిలోనే ఉన్నందుకు కుకీ కూడా పడింది.

అశ్విని చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. ఐలయ్య సంగతి చెప్పాడు. పోగైనవాళ్లు ఒక్కొక్కరే ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు. "మాఫ్ చెయ్యి పెద్దమ్మా," అన్నాడు అనిల్, గుంటలోంచే.

"నడిచింది కదా ఆంటీ. పని మీదే," అంది అశ్విని కళ్లు తుడుచుకుంటూ. ఇంటికి తీసుకెళ్లి, వేడి నీళ్లు పెట్టి, కట్టుకోవడానికి చీర ఇచ్చింది. రుక్కమ్మ స్నానం చేసి వచ్చేసరికి వాషింగ్ మెషిన్ తిరుగుతోంది. అద్దం మూత వెనక నురగలో నీలం చొక్కా.

"రెండుసార్లు వేస్తున్నా ఆంటీ. మరక ఒక్కటి కూడా ఉండదు. మంచి వాసనొచ్చే లిక్విడ్ కూడా పోశాను."

ఆఫీసు టైము దాటిపోతున్నా, రుక్కమ్మ మెషిన్ ఆగేదాకా దాని ముందే నిలబడింది. చెడ్డ మనసుతో చేసి ఉంటే ఏదో ఒకటి అనేసేది.

"మంచి పని చేసిండ్రు మేడం," అంది.

మర్నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లింది. కుకీ అంచు వాసన చూసి తుమ్మింది. పని పోయినట్టేననుకుంది రుక్కమ్మ. కుక్క ఆమె చేతిని ఒకసారి నాకి, తనంతట తానే లిఫ్ట్‌లోకి నడిచింది.

"చూశారా! మీకు అలవాటైపోయింది. రాములు అంకుల్‌ని అప్పుడే మర్చిపోయింది," అంది అశ్విని.

"దాని నసీబ్ మంచిగున్నది మేడం," అంది రుక్కమ్మ.