గాజుగోళంలో మా మనవరాలు

తిన్నగా తీసిన ఫోటో చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ముక్కు ఉండాల్సిన చోటే ముక్కు, చెవులుండాల్సిన చోటే చెవులు! ఉన్నది ఉన్నట్టు చూడటానికి కెమెరా ఎందుకండీ, కళ్ళు లేవా? అందుకే మా అల్లుడుగారి ఫోటోలకు నేను వీరాభిమానిని. ఆయనది బ్యాంకులో ఉద్యోగం. ఫోటోగ్రఫీ ఆదివారం సరదా అంటారు గానీ, ఈమధ్య ఆయనకు వారమంతా ఆదివారమే.

ఆయన కళలో ఏదీ నిటారుగా ఉండకూడదు. గాజుగోళంలోంచి తీస్తారు, నీళ్ళగ్లాసులోంచి తీస్తారు, చెంచా గుంటలో పడ్డ నీడను తీస్తారు. ఒకసారి మా దంపతులిద్దర్నీ వాననీటి గుంట పక్కన నిలబెట్టి తీశారు. చూస్తే చెప్పులు పైన, మొహాలు కింద.

"మీ కాపురంలో లోతు కనపడాలని, మావయ్యగారూ" అన్నారు.

కనపడింది. అందులో ఒక కప్ప కూడా కనపడింది.

ఈమధ్యే మా అమ్మాయికి పాప పుట్టింది. మాకు తొలి మనవరాలు. సరిగ్గా అప్పుడే మా ఆవిడ మోకాలికి ఆపరేషన్ అయింది. వాళ్ళ ఊరికి రైల్లో రాత్రంతా ప్రయాణం. డాక్టరేమో ఆవిణ్ణి గుమ్మం దాటొద్దన్నాడు. ఆవిణ్ణి వదిలి నేను కదల్లేను. "బెంగ పెట్టుకోకండి, రోజూ ఫోటోలు పంపిస్తాను" అని అల్లుడుగారు మాటిచ్చారు. ఆ ఫోటోల వ్యవహారంలో నిలబడింది ఆ మాట ఒక్కటే.

మొదటి ఫోటోలో ఫోన్ నిండా ఎర్రగా, గుండ్రంగా ఏదో ఉంది. మా ఆవిడ బుగ్గ అనుకుని ముద్దు పెట్టుకుంది. కాలి బొటనవేలట. తర్వాత గోడమీద పాప నీడ వచ్చింది. ఆ తర్వాత గాజుగోళంలో పాప, తలకిందులుగా!

ఇందులో ఎంత ఆరోగ్యం ఉందో మీకు తెలియదు. ఫోన్ తిప్పి చూద్దామా అంటే, బొమ్మ కూడా దాంతోపాటు తిరిగి మళ్ళీ తలకిందులవుతుంది. కాబట్టి నేనే తిరగాలి. మంచంమీద వెల్లకిలా పడుకుని, తల అంచునుంచి కిందికి వేలాడేసి చూస్తున్నాను. ఏళ్ళ తరబడి వేధించిన మెడనొప్పి మాయమైంది. ఏ వైద్యుడు చేయగలడీ పని?

"ఏమండీ, ముక్కు కనపడిందా?" అని మా ఆవిడ కుర్చీలోంచి అడుగుతుంది.

"కనపడింది. ఈ చెవి దగ్గర మొదలై ఆ చెవి దాకా ఉంది."

ఇంట్లో శాంతికి కూడా ఇదే కారణం. పాపది నా ముక్కేనని నేనంటాను. తనదేనని ఆవిడంటుంది. ఆధారం లేదు కాబట్టి ఇద్దరం గెలుస్తున్నాం. తిన్నగా తీసిన ఫోటో ఒక్కటి వచ్చిందంటే ఎవరో ఒకరు ఓడిపోవాలి కదా! ఈ వయసులో అది అవసరమా?

మొన్న పక్కింటి టైలరుగారు వచ్చి, మనవరాలు ఎవరి పోలిక అని అడిగారు. మనిషిని చూడగానే చొక్కా కొలత చెప్పగల కన్ను ఆయనది. ఫోన్ చేతికిచ్చాను. అటు తిప్పి, ఇటు తిప్పి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు.

"బల్బు బాగుందండీ, ఎక్కడ కొన్నారు?" అన్నారు.

వీడియో కాల్ చేయొచ్చుగా అంటారేమో. ఆ మాత్రం మాకు తెలియదా? చేశాం. అమ్మాయి ఫోన్ పాపవైపు తిప్పబోయింది. ఇంతలో వెనకనుంచి అల్లుడుగారి గొంతు వినపడింది. "ఆగాగు, వెలుతురు వెనకనుంచి పడితే అద్భుతంగా ఉంటుంది" అంటూ పాప వెనక కిటికీ తెర పక్కకు లాగేశారు. నల్లటి ముద్ద ఒకటి మాకేసి ఆవులించింది. ఆ ఆవులింతకే మా ఆవిడ పొంగిపోయింది. ఫోన్ పెట్టేశాక మాత్రం కళ్ళు తుడుచుకుంది.

"ఒక్కసారి మామూలుగా తీయమనండి" అంది.

అల్లుణ్ణి అడగడం అంత తేలికా? ముందు అమ్మాయినడిగాను. "నేను తీస్తే ఆయన చిన్నబుచ్చుకుంటారు నాన్నా" అంది. ఇక తప్పక, పొగడ్తల్లో చుట్టి నేనే ఆయన చెవిన వేశాను. పాప మొహం కాస్త స్పష్టంగా ఉంటే ఆ కళ ఇంకా రాణిస్తుందేమో బాబూ, అన్నాను.

"అర్థమైంది మావయ్యగారూ" అన్నారు.

మర్నాడే ఫోటో వచ్చింది. మొహం తిన్నగా ఉంది. కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా కనపడుతున్నాయి. మా ఆవిడ చేతికర్ర మాట మరిచి లేచి నిలబడింది.

అది పాప పక్కన పడుకోబెట్టిన ప్లాస్టిక్ బొమ్మ. దాని వెనక మసగ్గా ఉన్నదే పాప.

నిన్న మా మనవరాలు మొదటిసారి నవ్విందట. బోసినవ్వు, బుగ్గమీద సొట్ట కూడా పడిందట. ఏ బుగ్గమీదో మాకు తెలియదు. రాత్రి ఇద్దరం చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం.

ఎడిటరుగారికి ఒక మనవి. బాబూ, పాపను ఒక్కసారి తిన్నగా తీసి పంపండి అన్న ముక్క మా అల్లుడుగారికి చేరాలి. కాబట్టి దయచేసి ఈ కాలమ్‌ను తలకిందులుగా అచ్చువేయండి. మామూలుగా వేస్తే ఆయన కంటికి ఆనదు.