ముప్ఫై మిషన్లు, ఐదుగురు పున్నారావులు

ఆ బుధవారం ఉదయం జయకృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. ముంబైలో ఎక్కడో ఉన్న ముప్ఫై కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకు తీసుకుని, గుడివాడలో తన ఇంట్లో కూర్చునే నడిపించాలి. ఆసుపత్రిలో చీటీ నంబరు ఫోనులోనే ఇచ్చే కొత్త యాప్ ఒకటి అతని కంపెనీ తయారుచేసింది. ఆ ముప్ఫై కంప్యూటర్లూ ముప్ఫైమంది రోగుల్లా ఒకేసారి దాని మీద పడతాయి. యాప్ తట్టుకుంటే, పన్నెండింటికి వాటిని వదిలేసి పప్పుచారుతో అన్నం తినాలి.

పోయిన నెల ఇలాంటి పరీక్ష మధ్యలోనే కరెంటు పోయింది. ఈసారి ఏ ఆటంకం వచ్చినా సోమవారం నుంచి హైదరాబాదు ఆఫీసుకు రావలసిందేనని పై అధికారి శ్యాంబాబు తేల్చి చెప్పేశాడు. భార్య ఇంద్రజది బందరు కాలేజీలో ఉద్యోగం. పెళ్ళై ఎనిమిది నెలలే అయింది. హైదరాబాదు మాట తలుచుకుంటేనే జయకృష్ణకు నీరసం వస్తోంది.

ఆటంకం అప్పటికే హాల్లో కూర్చుని పేపరు చదువుతోంది. పంటినొప్పికి వైద్యం కోసం నాగాయలంక నుంచి ముందురోజే దిగిన మావగారు భుజంగరావు.

"ముప్ఫై మిషన్లు మాట్లాడేశానండీ. గంటల లెక్కే," అని ఏడున్నరకు జయకృష్ణ శ్యాంబాబుకు ఫోనులో చెప్పడం వినగానే, భుజంగరావు దవడ మీంచి చెయ్యి తీసేశాడు. బంగాళాఖాతంలో అల్పపీడనం, దివిసీమలో కోతకొచ్చిన వరి. కోతమిషను కోసం వారం రోజులుగా ఊరంతా కాళ్ళరిగేలా తిరుగుతోంది. ఇక్కడ అల్లుడు ముప్ఫై మాట్లాడి పెట్టుకుని నోరు మెదపలేదు!

"మిషన్లెక్కడున్నాయి అల్లుడుగారూ?"

"ముంబైలో మావయ్యగారూ," అన్నాడు జయకృష్ణ, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"మరి డ్రైవర్లో?"

"డ్రైవర్లన్నీ వాటిలోనే ఉంటాయండీ."

అల్లుడు చెప్పేది కంప్యూటర్లలో ఉండే డ్రైవరు ప్రోగ్రాముల సంగతని తెలియక, మనుషుల్ని పట్టుకుని 'అన్నీ' అనడం భుజంగరావుకు నచ్చలేదు. అయినా అవసరం తనది. బురద చేలో టైర్ల మిషను దిగబడిపోతుంది, చైను మీద నడిచేదే కావాలి. "చైనేనా?" అనడిగాడు.

"ఆ, చైనే. ఒకదానికొకటి కలిపే ఉంటాయి."

"పనయ్యాక?"

"ఇంకెవరో తీసేసుకుంటారు."

ఆ ఇంకెవరో ఎవరోనన్న కంగారుతో భుజంగరావు పెరట్లోకి వెళ్ళి నాగాయలంకకు ఫోను చేశాడు.

పదీ నలభైకి వీధిలో వ్యాను ఆగింది. లోపల పరీక్ష చక్కగా సాగుతోంది. వీడియోలో శ్యాంబాబు కూడా నవ్వినంత పని చేస్తున్నాడు. అంతలో తలుపు తోసుకుని పదకొండుమంది రైతులు గదిలోకొచ్చారు.

"మిషన్లు దిగాయాండీ? ముందు మా చేలోకే తోలాలి," అన్నాడు ముందున్నాయన.

"ఎవరండీ వాళ్ళు?" అన్నాడు శ్యాంబాబు.

జయకృష్ణకు హైదరాబాదు బస్సు కళ్ళముందు కనపడింది. "పేషెంట్లు సార్. నిజమైన మనుషులతో కూడా యాప్ వాడిద్దామని పిలిపించాను," అనేశాడు.

"పేషెంటుని నేనొక్కణ్ణే. వాళ్ళకేం రోగం?" అన్నాడు భుజంగరావు వెనకనుంచి.

శ్యాంబాబుకు అది వినపడలేదు. "మంచి ఆలోచన! నా ముందే వాడమనండి," అన్నాడు.

గత్యంతరం లేక జయకృష్ణ అందరి ఫోన్లలోనూ యాప్ వేశాడు. "పేరు, ఊరు కొట్టండి. నంబరొస్తుంది," అన్నాడు. మిషన్ల కోసం వరస కట్టిస్తున్నారనుకుని రైతులు ఉత్సాహంగా కొట్టారు.

"నాది ఒకటో నంబరు!" అన్నాడు ఒకాయన.

"నీదెలా అవుద్దిరా? ఒకటి నాది!"

"ఇదిగో, నాకూ ఒకటే!"

అయిదుగురు ముందుకొచ్చారు. అయిదుగురి పేరూ, ఇంటిపేరుతో సహా, విశ్వనాథపల్లి పున్నారావే. తాత పేరు ఏ మనవడికీ తక్కువ చెయ్యకుండా పెట్టుకున్న వంశం. పేరూ ఒకటే, ఊరూ ఒకటే కావడంతో యాప్ అయిదుగుర్నీ కలిపి ఒకే మనిషిని చేసేసింది. చొక్కాలు పట్టుకునే దాకా వెళ్ళింది వ్యవహారం.

శ్యాంబాబు ముఖం పాలిపోయింది. ఆ యాప్ సోమవారం ఆసుపత్రిలో మొదలవ్వాలి. ఒక పున్నారావు ఇంజెక్షను ఇంకో పున్నారావుకు పొడిచేసేవారు. "ముప్ఫై మిషన్లకీ ఇది దొరకలేదేంటండీ?" అన్నాడు.

"వాటికి ముప్ఫై రకాల పేర్లు పెట్టాం సార్," అన్నాడు జయకృష్ణ నీరసంగా.

వీడియో ఆపేశాక రైతులకు నిజం చెప్పక తప్పలేదు. ఆ మిషన్లు గడ్డిపరక కూడా కొయ్యలేవని విని, "అయితే ముప్ఫై ఎందుకండీ?" అన్నాడు పెద్ద పున్నారావు. జయకృష్ణ సిగ్గుతో అందరికీ ఇడ్లీలు తెప్పించి, సాయంత్రం దాకా కనపడిన ప్రతి నంబరుకూ ఫోను చేసి, పెదపారుపూడిలో ఒక చైను మిషను పట్టుకున్నాడు. వాన పడకముందే నాగాయలంకలో కోతలయ్యాయి.

హైదరాబాదు రావద్దని శ్యాంబాబు మర్నాడే చెప్పాడు. "అలాంటి పున్నారావులు ఇక్కడ దొరకరండీ. ప్రతి బుధవారం వాళ్ళచేతే టెస్టింగ్ చేయించండి. గంటకింతని ఇద్దాం," అన్నాడు.

తరవాతి బుధవారం ఏడున్నరకు భుజంగరావు ఫోను చేశాడు. "అయిదుగుర్నీ బస్సెక్కించేశాను అల్లుడుగారూ. డ్రైవర్లక్కర్లేదు, వాళ్ళే వచ్చేస్తారు. కాకపోతే పోయినసారి చట్నీ పల్చగా ఉందంటున్నారు."

ముప్ఫై మిషన్లలో ఒక్కటి కూడా ఏనాడూ చట్నీ మాటెత్తలేదని జయకృష్ణకు అప్పుడు గుర్తొచ్చింది.