కామాఠీపురలో ఫ్రెంచి మునక

నర్సింహులు సారు సంచి సర్దే బాధ్యత వజ్రమ్మ తీసుకుంది. కామాఠీపుర తొమ్మిదో గల్లీలో, కూలీల గదుల వరసలున్న ఆ చాల్‌లో ఎవరు ఊరికి బయలుదేరినా సంచి ఆమే సర్దాలి. బట్టలు గట్టిగా మడతపెట్టి, అడుగున తన ఇంటి వస్తువేదైనా, గ్లాసో గరిటో, అరువుగా పెట్టి పంపితే, దాన్ని తిరిగివ్వడానికైనా మనిషి వస్తాడని ఆమె నమ్మకం. ఆమె పెనిమిటి తన సంచి తానే సర్దుకుని, పొలం పంచుకొస్తానని పాలమూరు పోయాడు. పెద్దకొడుకు కొత్త సూట్‌కేసు కొనుక్కుని దుబాయి పోయాడు. సూట్‌కేసులో గరిటె పెడితే నలుగురూ నవ్వుతారన్నాడు. ఆ ఇద్దరి సంగతీ ఆమె ఎవరితోనూ ఎత్తదు. గరిటె మాత్రం ఇంట్లోనే ఉంది.

సారు సామాను ఎక్కువేమీ లేదు. రెండు ధోవతులు, గొడుగు, సుద్దముక్కల డబ్బా. వజ్రమ్మ అడుగున తన స్టీలు గ్లాసు పెట్టింది. నిజానికి ఆయన ఆమెకు అక్షరాలు నేర్పలేదు. ఆయన క్లాసు గుమ్మం బయట కూర్చుని బియ్యం చెరుగుతూ, లోపల పిల్లలకు చెప్పేది విని ఆమే నేర్చుకుంది.

"పోతున్న, వజ్రవ్వా" అన్నాడు సారు.

"పోయొస్త అనాలె సారూ. పోతున్న అంటరా ఎవలన్న?"

"రమ్మని పిలిస్తెగద అవ్వా, వచ్చేది" అని నవ్వి ఆయన సంచి భుజాన వేసుకున్నాడు.

ఆయన్ని సాగనంపుతున్న కారణం చాలా శుభప్రదమైనది. తెలుగు బాలల సర్వతోముఖ వికాస సంఘం వారు తమ బడిలోని ఆరు, ఏడు, ఎనిమిది తరగతులను ఆ జూన్ నుంచి పూర్తిగా ఫ్రెంచి మాధ్యమంలోకి మార్చాలని ఏకగ్రీవంగా తీర్మానించారు; తెలుగు చెప్పే సారుతో ఇక పనిలేదు. ఆ సమావేశానికి హాజరైనవారు అధ్యక్షులు గంగారాం సేటు, వారి బావమరిది, పంకా బాగుచేయడానికి వచ్చిన మనిషి.

గంగారాం సేటు గచ్చుపనుల ముకద్దం, కూలీలను పెట్టి పని చేయించే మేస్త్రీ. మలబార్ హిల్ వైపు విదేశీ పిల్లల బడిలో బండలు పరిపిస్తూ ఆయన ఒక అద్భుతం చూశారు. అక్కడ లెక్కలూ, చరిత్రా, ఆటలూ, ఆఖరికి తిట్లు కూడా ఫ్రెంచిలోనే నడుస్తున్నాయి. పిల్లల్ని భాషలో నిలువునా ముంచడమే ఆ పద్ధతి రహస్యమట. ఆ రాత్రే సేటుగారికి తమ జాతి వెనుకబాటుకు మూలకారణం తెలిసిపోయింది.

"ఇంగ్లీషుల గుజరాతోళ్ళు ముందున్నరు. మరాఠీల మరాఠోళ్ళు ముందున్నరు. తెలుగుల ఆంధ్రోళ్ళు ముందున్నరు" అని వారు ప్రారంభోత్సవంలో మైకు పట్టుకుని సెలవిచ్చారు. "ఫ్రెంచిల మన ముందల ఎవడున్నడు? మైదాన్ ఖాళీ. పయిలా నంబర్ మనదే. మరి జర జర నేర్పితె రాదు. గణపతిని చౌపాటికి తీస్కపోయి, కాళ్ళు తడిపి ఇంటికి తెస్తమా? పూరా ముంచాలె."

చప్పట్లు చాల్ మూడో అంతస్తు దాకా వినిపించాయి. వెనక వరసలో కూర్చున్న వజ్రమ్మ లేచి, "ముంచినంక గణపతి ఇంటికొస్తడా సేటూ?" అని అడిగింది. కానీ అప్పటికే మైకు వందన సమర్పణకు వెళ్ళిపోయింది.

ఉపాధ్యాయుని కోసం సంఘం ఎక్కువ దూరం వెతకలేదు. దాదర్‌లో ఒక తెలుగువారి సభలో యానాం మనిషి సత్తిరాజు దొరికాడు. ఓడల కంపెనీలో ఉద్యోగం కోసం వచ్చి, దొరక్క, సభల్లో ఉప్మా తింటూ కాలక్షేపం చేస్తున్నాడు. ఆయన తాతల కాలం నుంచి ఫ్రెంచి దొరల ఊరివాడు. సంఘం ఆయనకు 'ముస్యే', అంటే ఫ్రెంచిలో అయ్యగారు, అని బిరుదిచ్చి, ఒక్క షరతు పెట్టింది. కామాఠీపుర హద్దుల్లో ఆయన నోట తెలుగు రాకూడదు.

పాఠ్యప్రణాళిక విషయంలో ఎక్కడా రాజీపడలేదు. భూగోళంలో కృష్ణా గోదావరులను తీసేసి సేన్ నదిని పెట్టారు. జూలైలో గల్లీ మోకాలిలోతు నీళ్ళలో ఉండగా పిల్లలు బల్లల మీదికి కాళ్ళు ముడుచుకుని, చలికాలంలో మంచు ఎలా కురుస్తుందో ముక్తకంఠంతో వల్లించారు. గృహవిజ్ఞానంలో జున్ను రకాలు; సరుకు దొరకనందున బొమ్మ చూపించి, వాసన ఊహించుకోమన్నారు. చరిత్రలో రాజు తల నరికిన ఘట్టం బాగా పండింది. సేటుగారు తనిఖీకి వచ్చినప్పుడు అది పిల్లలు ఆడి చూపించగా, ఆయన మెడ తడుముకుంటూ అభినందించారు. పుస్తకం అన్ని తరగతులకూ కలిపి ఒక్కటే. అందులో సగం యానాం చెదలు ముందే చదివేశాయి.

వజ్రమ్మ మనవరాలు కళావతి ఏడో తరగతి. బడి మొదలైన వారానికే ఆ పిల్ల పొద్దున్నే గడప దాటేటప్పుడు "పోయొస్తనే అవ్వా" అనడం మానేసింది. అలా తెలుగులో అంటే తప్పు. బడిలో చెవి మెలిపెడతారు. వజ్రమ్మకు ఆ మాట వినపడందే చాయ్ గొంతు దిగదు. ఆమె గుమ్మంలో అడ్డం నిలబడి చీపురుతో ఊడుస్తున్నట్టు నటించేది. పిల్ల ఆమె కళ్ళలోకి చూసి, నోరు తెరిచి, మూసి, పక్కనుంచి జారిపోయేది. సాయంత్రం పిల్ల తిరిగొచ్చేదాకా ఆ ముసలిది ఫాక్‌లాండ్ రోడ్డు మలుపులో నిలబడి వచ్చేపోయే మొహాలన్నీ చూసేది. రోజూ వచ్చేది పిల్ల. అయినా రేపటి మాటేమిటి?

ఆగస్టులో సంఘం ప్రగతిని సమీక్షించి, పిల్లలు ఇంకా పూర్తిగా మునగలేదని గుర్తించింది. తప్పు ఎక్కడుందో బయటపడింది. ఇళ్ళల్లో తెలుగు కారుతోంది. తల్లులూ తండ్రులూ ఎప్పుడో మరాఠీలోకీ హిందీలోకీ మారారు కనుక వారివల్ల ప్రమాదం లేదు. ఆ రెండు భాషలకూ సంఘం అనుమతి ఉంది. నేర్చుకున్న భాషలు చెప్పినట్టు వింటాయి. కారేదల్లా ముసలమ్మల దగ్గర. అందుచేత ఆ మూడు తరగతుల పిల్లల అవ్వలందరినీ దీపావళి దాకా వర్లికి తరలించాలని తీర్మానమైంది. అక్కడ మిల్లుల సమ్మె తర్వాత సగం ఖాళీ అయిన చాల్‌లో సేటుగారికి తెలిసిన ఖోలీలు, అంటే ఒంటిగదులు, ఉన్నాయి.

వజ్రమ్మ చిన్నకొడుకు, కళావతి తండ్రి రాజమల్లు రెండు రోజులు తల్లి మొహం చూడలేదు. మూడో రోజు, "పిల్ల భవిష్యత్తే అమ్మా. నాకేం ఇష్టమా?" అన్నాడు.

"నీ బాపు సుత భవిష్యత్తనే పోయిండు" అంది వజ్రమ్మ. అని తన సంచి సర్దుకుంది. అడుగున ఇంట్లో ఉన్న ఒకే ఒక్క గరిటె పెట్టుకుంది. దాని కోసమైనా తనను వెనక్కి పిలవాలి.

అవ్వలకు దండలు వేశారు. విద్యకోసం ఇల్లు విడిచిన త్యాగమూర్తులని సేటుగారు కొనియాడారు. టెంపో కదిలేటప్పుడు పిల్లలు వరసగా నిలబడి ఫ్రెంచి పాట పాడారు. కళావతి పెదవులు కదిలాయి గానీ, పాటలో పదాలకూ వాటికీ పొంతన కుదరలేదు. వజ్రమ్మ అది చూసింది.

వర్లిలో ముసలమ్మలు చాలా క్షేమంగా ఉన్నారు. ఇంత తెలుగు వాళ్ళు పాతికేళ్ళుగా మాట్లాడుకోలేదు. పొద్దున మొదలుపెట్టిన కొట్లాట మాపటికి పాటగా మారేది. మొదటి ఆదివారమే ముస్యే సత్తిరాజు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. వర్లి షరతు హద్దుల్లో లేదు.

"అమ్మా, కాసేపు కూర్చుని మాట్లాడుకుని పోతానండి" అన్నాడు చెప్పులు విడుస్తూ. "రెండు నెలలు దాటిపోయిందండి, నోరు కట్టేసుకుని. ఏదోటి అడగండి, ఏదైనా పర్లేదు."

ఆయన జొన్నరొట్టె తింటూ చీకటిపడేదాకా మాట్లాడాడు. ఫ్రెంచివాళ్ళు తొంభైని నాలుగు ఇరవైల పది అంటారని చెబితే అవ్వల్లో ఒకామె ముత్తమ్మ, "గది మా ఊరి లెక్కనే గద, అయ్యా. మామిడికాయలు గట్లనే లెక్కవెడ్తం" అంది. ఈ సంగతి సంఘానికి తెలియకూడదని అందరూ ఒట్టు పెట్టుకున్నారు. తెలిస్తే, ఇంటి వాసన తగిలిందని లెక్కల్నే రద్దు చేస్తారు.

వజ్రమ్మ ఆయన్ని ఒక్కటే అడిగింది. పోయేటప్పుడు ఫ్రెంచోళ్ళు ఏమంటారని.

"ఓ ర్వార్ అంటారమ్మా. మళ్ళీ చూసుకునేదాకా అని."

"గదే సాలు. గది మా పిల్లకు గట్టిగ నేర్పు నాయనా. గడప మీదనే అనమను. నేను ఈడికెల్లి ఇంటున్న అనుకుంట."

ప్రభుత్వం కూడా ఇంత త్వరగా ఒక అర్జీని పరిష్కరించదు. మరుసటి సోమవారం నుంచే ఆ మాట ప్రణాళికలో చేరింది. కళావతి రోజూ ఖాళీ గడప వైపు తిరిగి ఆ మాట అని బడికి పోయేదని రాజమల్లు ఒకసారి వర్లి వచ్చి చెప్పి, గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

దీపావళి ముందు సత్తిరాజు యానాం ప్రయాణమయ్యాడు. పుస్తకంలో చెదలు తినేసిన సగం మరో ప్రతిలో వాళ్ళ పిన్ని ఇంట్లో ఉందట. వజ్రమ్మ సంచి సర్దింది, గరిటె అడుగున పెట్టింది. "వెళ్ళొస్తానండి" అన్నాడాయన, అడక్కుండానే, ఎంతో చక్కగా. ఆయన తిరిగొచ్చేదాకా అని అవ్వల గడువు కూడా పొడిగించారు. జనవరిలో గరిటె వర్లికి పార్సిలులో వచ్చింది. అందులో పూతరేకులు కూడా ఉన్నాయి. ఆయనకు అక్కడే ఉప్పు ఆఫీసులో ఉద్యోగం దొరికింది.

గురువు లేని బడి మూతపడింది. సంఘం వార్షిక నివేదికలో పథకం సంపూర్ణంగా విజయవంతమైందని ప్రకటించారు. పరీక్షలు జరగనందువల్ల ఒక్కరూ తప్పలేదు. ముసలమ్మల్ని మళ్ళీ దండలతో ఇళ్ళకు చేర్చారు. వజ్రమ్మ గరిటె చేతబట్టుకుని మెట్లెక్కి వచ్చేసరికి, కళావతి ఎదురు పరుగెత్తి ఆమె నడుం చుట్టేసింది.

"ఆజీ, తూ ఆలీస్?" అంది మరాఠీలో.

"ఒచ్చిన బిడ్డా."

పిల్ల గడగడా ఏవేవో చెప్పింది, అన్నీ మరాఠీలోనే. వజ్రమ్మ నవ్వుతూ తలూపింది. హోలీ నాటికి ఫ్రెంచి ఆ పిల్ల నోట్లోంచి దిగిపోయింది. కానీ ఫ్రెంచి కోసం ఖాళీ చేయించిన చోటు ఖాళీగా ఉండలేదు. ఇప్పుడు పొద్దున్నే గడప మీద "యేతే, ఆజీ" అంటుంది. వస్తానని దానర్థం. వజ్రమ్మ అడిగి తెలుసుకుంది. చాయ్ గొంతు దిగుతుంది, కాస్త ఆలస్యంగా.

తెలుగు క్లాసు మళ్ళీ పెట్టాలంటే తల్లిదండ్రులు అర్జీ ఇవ్వాలని సంఘం నియమం పెట్టింది. వజ్రమ్మ చాల్‌లో ఖోలీ ఖోలీకీ తిరిగింది. అందరూ ఆమెను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చారు, తెలుగు ఎంత తీయనిదో మరాఠీలో చెప్పారు, పిల్లల్ని మాత్రం ఇంగ్లీషు ట్యూషన్‌కు పంపారు. సేటుగారు ఈ ఏడు జపానుభాష గురించి ఆలోచిస్తున్నారు.

సెప్టెంబరులో చౌపాటి దగ్గర గణపతిని ముంచేటప్పుడు చాల్ చాలంతా గొంతు చించుకుని, వచ్చే ఏడు తొందరగా రమ్మని అరిచింది. ఎవరూ మరిచిపోలేదు. మట్టిబొమ్మకు కూడా ఆ మాట చెప్పి పంపడం మన మర్యాద.

నర్సింహులు సారును రమ్మని ఎవరూ అనలేదు. ఆయన పోయింది 1985 జూన్ పదో తేదీ, సోమవారం. తిరిగి రాలేదు. గ్లాసు ఆయన దగ్గరే ఉంది.