మూడవ గీత పడని గాథ

సూర్యుడు మేడల వెనుకకు జారుచుండ, వాహనసమూహములు గూళ్లకు మరలుచుండ, ఐదంతస్తుల భవనపు నేలమాళిగలో ట్యూబులైటొకటి వెలుగుదునా మానుదునా యని కొట్టుకొనుచుండ, శ్వేతకేశశోభితుడును, పెట్రోలు పొదుపున అద్వితీయుడును, పదవీవిరమణానంతరము పరోపదేశైకవ్యాపారుడును అగు మామగారు తన ఎర్ర కారుతో వాలుదారి కొసన ప్రత్యక్షమయ్యెను.

దిగువన ఆయన కారు నిలుపుచోటికి కావలి కాయుచుండెను ఒక కాంక్రీటు స్తంభము. దాని పొట్టమీద ఎర్రని గీతలు రెండు. రెండును ఈ నెలలో మామగారు ప్రసాదించినవే. ప్రక్కన చేతులు కట్టుకొని కోడలు నిలిచియుండెను. ఆమె డ్రైవింగు స్కూలులో గురువు. ఊరందరిని దారిలో పెట్టినది గాని ఇంటిలో ఒక్కరు మిగిలిపోయిరి.

"మామయ్యా, అనుకున్నాం కదా! మూడో గీత పడిందంటే తాళం నాకిచ్చేయాలి."

తాళము పోయినచో ఇక వెనుకసీటున కూరగాయల సంచికి తోడుగా కూర్చుండవలెను. అయినను మామగారు మీసము దువ్వి, అద్దము దించి, గర్జించెను:

"ఓరీ స్తంభమా! కదలనేరని కాంక్రీటు కాయమా! ఒంటివ్రేలితో స్టీరింగుచక్రము త్రిప్పు నా బాహుబల మెరుగవా? నేడు నిన్ను తాకక, నీ సరసనే నిలిచి, నీ పొగరణచెద!"

అని, దిగుడులో ఇంజనెందుకు దండుగయను పాత కారునాటి నియమము చొప్పున, తాళము త్రిప్పి ఇంజనాపెను. రథము నిశ్శబ్దముగా జారెను. మలుపు వచ్చెను. వీరుడు ఒంటివ్రేలు ప్రయోగించెను. చక్రము ఉలుకదు, పలుకదు. ఒక చేయి వేసెను, రెండు చేతులు వేసెను, పండ్లు కొరికెను, ఇష్టదైవములను వరుసగా పిలిచెను. స్తంభము మాత్రము పిలువకయే వచ్చుచుండెను. తుదకు బ్రేకుపై ఉభయపాదములు మోపగా, జానెడు దూరమున కారు నిలిచెను.

"బిగుసుకుపోయిందేంటమ్మా ఇది! స్టీరింగు చెడిపోయింది!" అని మామగారు గ్రాంథికము విడిచి మొత్తుకొనెను.

"చెడలేదు మామయ్యా. ఇంజన్ ఆపేశారా? రోజూ ఇలాగే దిగుతున్నారా?" కోడలు నొసలు కొట్టుకొనెను. "ఇంజన్ తిరిగితే బెల్టు తిరుగుతుంది, బెల్టు పంపును తిప్పుతుంది, పంపు నూనెను గట్టిగా తోస్తుంది. మీరు స్టీరింగు ఎటు తిప్పితే అటు నూనెకు దారి తెరుచుకుంటుంది. చక్రాలను నెట్టేది ఆ నూనే. మీరు చేసేది సైగ."

"మరి నా చేతి బలం?"

"అదే కదా ఇప్పుడు చూశాం."

ఆ మాట బాణమై తగిలినను వీరుడు చలింపక ఇంజను మేల్కొలిపెను. అంతట బెల్టు పరుగిడెను, పంపు మూలిగెను, తైలసైన్యము గొట్టముల వెంట దండెత్తెను. మామగారు కారును రవ్వంత వెనుకకు జరిపి, ఒంటివ్రేలు చక్రముపై మోపెను. ఆహా, అంతవరకు బండరాయియై నిలిచినది వెన్నముద్దయై తిరిగెను! కారు వయ్యారముగా వంగి, స్తంభమునకు నాలుగు వ్రేళ్ల ఎడమున, నేలపై తెల్లగీతల నడుమ చక్కగా నిలిచెను.

తలుపు తెరువబోగా స్తంభమడ్డము. కావున మహావీరుడు గేరుదండమును లంఘించి, ఆవలివైపు ద్వారమున మోకాళ్లపై వెలువడి, లేచి, దుమ్ము దులుపుకొని, తాళము జేబున వేసికొనెను.

కోడలు నవ్వాపుకొనలేకపోయెను. "గెలిచారు మామయ్యా, ఒప్పుకుంటా. కానీ గెలిచింది మీరా, నూనెనా?"

"నూనేనమ్మా," అని మామగారు తలవంచి, మరుక్షణమే ఎత్తెను. "సైగ మాత్రం నాదేగా!"

లోకులారా, వినుడు! ఆ సాయంకాలము ఆ స్తంభమున గీతలు లెక్కింపగా రెండే యుండెను.