అమిగ్డలా అనే అనవసరపు సామాను

జాలి ఒక జబ్బు! నన్ను కసాయివాడని తిట్టుకున్నా సరే, ముందే చెప్పేస్తున్నాను.

మన మెదడు లోపల బాదం గింజంత ముక్క ఒకటి ఉంది. పేరు అమిగ్డలా. ఎదుటివాడి ముఖంలో భయం కనిపిస్తే చాలు, గంట కొట్టేస్తుంది. ఎదుటివాడి బాధ పట్టని సైకోపాత్‌లలో ఇది మందకొడిగా పనిచేస్తుందనీ, నుదుటి వెనక ఉండి మనసుకు కళ్ళెం వేసే భాగంతో దీనికి సంబంధం కూడా అంతంతమాత్రమేననీ శాస్త్రజ్ఞులు దిగులుగా చెబుతుంటారు. దిగులెందుకండీ? అంత ప్రశాంతత పుట్టుకతో వస్తే అసూయపడాలి గానీ!

ఆ అదృష్టం లేనివాళ్ళ కోసమే నేనున్నాను. ఎమోషన్ కంట్రోల్ క్లాసులు చెప్పే ట్రైనర్‌ని. ఆ మధ్య ఒక ఆస్పత్రివాళ్ళు పిలిచారు. ఆపరేషన్ థియేటర్ బయట కౌంటర్లో ఒక పెద్దావిడ ఉండేదట. లోపలి కబురు బంధువులకు చేరవేయడం ఆవిడ పని. మంచి కబురైతే వాళ్ళకంటే ముందు తనే నవ్వేసేది. చెడ్డదైతే పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకునేది. ఇక క్యూ కదిలితే ఒట్టు! ఆవిణ్ణి స్టోర్ రూముకు మార్చి, కౌంటర్లో మిగతావాళ్ళను నాకు అప్పగించారు.

ఎంత చక్కగా తీర్చిదిద్దాననుకున్నారు! కబురేదైనా ఒకటే గొంతు, ఒకటే చిరునవ్వు. "నమస్కారమండీ, దయచేసి కూర్చోండి, డాక్టరుగారు మాట్లాడతారు." అంతే. చెప్పేవాళ్ళకు బీపీ పెరగదు, వినేవాళ్ళకు గొడవపడే సందు దొరకదు. మేనేజరు మురిసిపోయాడు. ఆయనకు మాత్రం ట్రైనింగ్ అవసరం పడలేదు లెండి, పుట్టుకతోనే వచ్చేసింది!

మొన్న మా ఆవిడకు కడుపులో గడ్డ తీయడానికి అదే థియేటర్లోకి తీసుకెళ్ళారు. చాలాసేపటికి కౌంటర్లో అమ్మాయి నన్ను పిలిచింది.

"నమస్కారమండీ, దయచేసి కూర్చోండి, డాక్టరుగారు మాట్లాడతారు."

"అమ్మా, నేనమ్మా, మీ ట్రైనర్‌ని! మా ఆవిడ ఎలా ఉందో ఆ ఒక్క ముక్క చెప్పు తల్లీ."

చిరునవ్వు. ఆ ముఖమంతా వెతికాను, ఏమీ దొరకలేదు. అద్భుతమైన శిక్షణ! అక్కడే కూలబడి, క్యూలో అందరూ చూస్తుండగా చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఆపరేషన్ బాగానే అయింది. సాయంత్రం కళ్ళు తెరిచిన మా ఆవిడ నా వాలకం చూసి, "ఏంటండీ ఆ ముఖం? నాకు బాగానే ఉందని మీకెవరూ చెప్పలేదా?" అంది నీరసంగా.

"చిరునవ్వుతోనే పిలిచారే. అది చూసే నువ్వు పోయావనుకున్నాను."