కరపత్రంలో పెద్దక్షరాలు

తెల్లవారితే శుక్రవారం. పెద్ద బజారులో కొత్త బట్టల కొట్టు తెరవాలి. పట్టుచీరలు బీరువాల్లోకి ఎక్కాయి, పూజకు బ్రాహ్మడు కుదిరాడు. ఇక బరంపురానికి ఆ సంగతి తెలియడమే తరువాయి అనుకుంటూ భీమేశ్వరరావు పొద్దున్నే కూర్మారావు అచ్చుకూటానికి బయలుదేరాడు. ఒరిస్సా కొత్త రాష్ట్రమై ఏడాది తిరిగింది. రాష్ట్రమే వేరుపడగా లేనిది తాను వేరుపడితే తప్పేమిటని ఆయన వాదన.

ఆయన వేరుపడింది పైడన్న నుంచి. గోసాని నువాగాంలో ఇద్దరూ కలిసి నడిపిన కొట్టు పైడన్న వాటాకు వెళ్ళింది. అయితే పైడన్న గుమ్మం మీద ఉన్న భీమేశ్వరరావు పేరు మాత్రం దింపలేదు. పాత ఖాతాదార్లంతా ఆ పేరు చూసి అక్కడికే వెళుతున్నారు. ఆ మంట ఈయనకు తిండి సయించనివ్వడం లేదు.

"నా పేరు పెద్దక్షరాల్లో ఉండాల. 'ఇక లేరు' అన్నది అంతకన్నా పెద్దగుండాల. సదివినోడి గుండె గతుక్కుమనాల," అన్నాడు కూర్మారావుతో.

"మరి మధ్యలో 'గోసాని నువాగాం పాత కొట్టులో' అన్నది, బాబూ?"

"దానికి నీకాడున్న సన్నక్షరాలేవో ఎయ్యి. నా కాయితం మీద ఆడి పేటకి గొప్పేటి?"

కూర్మారావు ఎవరికీ రెండోసారి అడ్డు చెప్పే మనిషి కాడు. "మజ్జిన కొంచెం ఖాళీ వదిలితే కంటికి..." అని నసిగాడు.

"ఖాళీ వదిల్తే సరుకులేని కొట్టనుకుంటారు. ఖాళీలో నా పడుసునాటి ఫొటో ఎయ్యి. సీరకున్నట్టు సుట్టూ అంచు కట్టు."

అంచు కట్టడానికి కూర్మారావు దగ్గర మందపాటి నల్లగీతలే ఉన్నాయి. కొత్త కొట్టు చిరునామాను శుభప్రదంగా ఎర్రసిరాతో వేయమన్నాడు భీమేశ్వరరావు. కాగితం కూడా ఎర్రదే ఎంచాడు.

"ఎరుపు మీద ఎరుపు కనపడదేమో, బాబూ!"

"రెట్టింపు శుభం కాదేటి!"

సాయంత్రం అచ్చయిన కాగితం చూసుకుని ఆయన మురిసిపోయాడు. చిరునామా ఆయనకు కంఠస్థమే కనుక, కనపడకపోయినా చదివేశాడు.

మర్నాడు పూజ అయింది. కరపత్రాలు ఊరంతా పంచారు. భీమేశ్వరరావు గంధం పూసుకుని గద్దె మీద కూర్చున్నాడు. ఒక్క పురుగు రాలేదు. పైగా ఎదురుగా ఉన్న బియ్యం కొట్టు తలుపులు పడ్డాయి. దాని పక్కది మూశారు. చూస్తుండగానే బజారంతా మూతపడింది. కొత్త సర్కారు ఏదైనా హుకుం వేసిందేమోనని ఆయన వీధిలోకి తొంగిచూశాడు.

బియ్యం కొట్టాయన చేతిలో ఎర్రకాగితంతో వచ్చాడు. "సావుకారూ, మీరూ ముయ్యండి. భీమేశ్వరరావని గోసాని నువాగాం సావుకారట, పాపం పోయాడు. తెరిసుంచితే మర్యాదగుండదు."

"నానే భీమేశ్వరరావుని!"

బియ్యం కొట్టాయన కాగితం మీది ఫొటో చూశాడు. అందులో మనిషికి నిండా జుట్టూ మీసమూ ఉన్నాయి. ఎదురుగా ఉన్న మనిషికి రెండూ లేవు. "దుక్కంలో మనిషి అలాగే అంటాడు లెండి. దగ్గరోరా?" అంటూ తానే తలుపు చెక్కలు తెచ్చి వరసగా పెట్టడం మొదలుపెట్టాడు.

భీమేశ్వరరావు ఆయన చేతిలోని కాగితం లాక్కుని మొదటిసారి పరాయివాడిలా చదివాడు. నల్లని అంచు మధ్య తన ఫొటో, దాని కింద 'భీమేశ్వరరావు గారు ఇక లేరు'. తన సంతాపానికి తన కొట్టు మూసి, ఇంటికి పరుగెత్తాడు.

వాకిలి నిండా జనం. భార్య పద్మావతి గొంతు బొంగురుపోయింది. "సెప్తంటే ఇనరేటి! మా ఆయన కొట్టుకెల్లారు!"

"అయ్యో, మతి సెదిరిపోనాదమ్మా," అని ఒకామె కన్నీళ్ళు తుడుచుకుంది.

కొత్త కొట్టు చూద్దామని ఖల్లికోటలో రైలెక్కి వచ్చి, దిగగానే కరపత్రం చూసిన చెల్లెలు అమ్మణ్ణి అన్నను గుమ్మంలో చూసి కావలించుకుని ఏడ్చింది. తర్వాత వీపు మీద నాలుగు గుద్దింది. "బతికుండి ఇలాటి కాయితాలేత్తారేటి!"

అరుగు మీద కొత్త తెల్లగుడ్డలు కుప్పగా ఉన్నాయి. శవం మీద కప్పడానికి తలా ఒకటి తెచ్చారు.

"ఇన్ని ఎక్కడ కొన్నారు?" అన్నాడు భీమేశ్వరరావు నీరసంగా.

"ఇంకెక్కడ? నీ పేరున్న కొట్టులోనే. పైడన్న ఏడుత్తానే కొలిసిచ్చాడు," అంది అమ్మణ్ణి.

ఆయన అరుగు మీద కూలబడ్డాడు. అంతలో పైడన్నే వచ్చాడు. ఎర్రబడ్డ కళ్ళతో పాత స్నేహితుణ్ణి గట్టిగా పట్టుకున్నాడు. "నువ్వు బతికున్నావు, అదే సాలు," అన్నాడు. ఆ ఏడుపు నిజమైనదే. అందుకే భీమేశ్వరరావుకు తిట్టడానికి నోరు రాలేదు.

"మరి ఈ గుడ్డలు ఏటి సెయ్యాల?" అన్నారు జనం.

పైడన్న ముక్కు చీదాడు. "సావుకి కొన్న గుడ్డ ఎనక్కి తీసుకుంటే నా కొట్టుకి కీడు కాదేటి?"

అందరూ భీమేశ్వరరావు వైపు తిరిగారు. తన కోసం ఏడ్చినవాళ్ళకు మార్చి ఇవ్వనని ఎలా చెప్పగలడు? అందరినీ కొత్త కొట్టుకు తీసుకెళ్ళి, తలుపు చెక్కలు తీసి, తెల్లగుడ్డలు లోపల పడేయించి, బదులుగా పంచెలూ రవిక గుడ్డలూ చింపి ఇచ్చాడు.

తొలిరోజు కొత్త కొట్టు దీపాల వేళ దాకా కిటకిటలాడింది. బోణీ మాత్రం కాలేదు.